కళ్లు మూసుకుని చూసిన రెండు లియర్లు

షేక్‌స్పియర్ నాటకాన్ని పీటర్ బ్రూక్ సినిమాగా తీసిన ‘కింగ్ లియర్’ పెట్టి, హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, కళ్లు మూసుకున్నాను. అర నిమిషం గడిచింది. ఏమీ లేదు. పిన్ను సరిగ్గా దిగలేదేమోనని తడిమి చూశాను. దిగింది. వాల్యూమ్ చూశాను. ఉంది. అప్పుడు కళ్లు తెరిస్తే తెర మీద కెమెరా మెల్లగా జరుగుతోంది. మనుషుల ముఖాలు వరసగా వెళ్తున్నాయి, అందరూ దేనికోసమో కాచుకుని ఉన్నారు. సినిమా నడుస్తూనే ఉంది. వినిపించాల్సింది ఏమీ లేదు, అంతే.

కళ్లు మూసుకోవడం నా వృత్తి రోగం. పాతికేళ్లుగా డబ్బింగ్ థియేటర్లో సౌండ్ పని చేస్తున్నాను. ఏ సినిమా అయినా మొదటిసారి వింటాను, రెండోసారే చూస్తాను. ఇంట్లోవాళ్లకు ఇదొక జోకు. కానీ కంటికి కనబడేదాంట్లో డైరెక్టర్ మనల్ని చాలా సులభంగా మాయ చేస్తాడు. చెవి దగ్గర అంత తేలిగ్గా కుదరదు. సెట్టు అట్టముక్కలదా రాతిదా అన్నది కన్ను పట్టుకోలేకపోవచ్చు, గొంతు ఎక్కడ రికార్డయిందో చెవి ఒక్క వాక్యంలో చెప్పేస్తుంది.

అలా వినడానికి ఈసారి తీసుకున్నవి రెండు లియర్లు. రెండూ 1971లో విడుదలైనవే. రంగుల సినిమా రాజ్యమేలుతున్న రోజుల్లో ఇద్దరూ పట్టుబట్టి నలుపు తెలుపులో తీశారు. ఒకటి ఇంగ్లండు దర్శకుడు పీటర్ బ్రూక్‌ది. డెన్మార్క్‌లో, జట్లాండ్ చలిలో తీశాడు. లియర్‌గా పాల్ స్కోఫీల్డ్. రెండోది సోవియట్ దర్శకుడు గ్రిగోరి కోజింత్సెవ్‌ది. కవి పాస్టర్నాక్ చేసిన రష్యన్ అనువాదం ఆధారం, సంగీతం షోస్టకోవిచ్, లియర్‌గా ఎస్టోనియా నటుడు యూరి యార్వెట్. పైగా ఈ ఇద్దరు దర్శకులూ ఒకరికొకరు ఉత్తరాలు రాసుకున్నవాళ్లు, ఒకరు ఏం చేస్తున్నారో ఇంకొకరికి తెలుసు. బ్రూక్ 1962లో ఇదే స్కోఫీల్డ్‌తో ఈ నాటకాన్ని స్టేజి మీద ఆడించాడు. 1964లో ఆ బృందం సోవియట్ యూనియన్‌కు కూడా వెళ్లి ఆడి వచ్చింది.

కథ అందరికీ తెలిసిందే. ముసలి రాజు, ముగ్గురు కూతుళ్లు. నామీద ఎవరికెంత ప్రేమో చెప్పండి, దాన్నిబట్టి రాజ్యం పంచుతానంటాడు. పెద్దవాళ్లిద్దరూ ఆకాశానికెత్తేస్తారు. చిన్నది కార్డీలియా, చెప్పడానికేమీ లేదంటుంది. రాజుకు ఒళ్లు మండి ఆమెను వెళ్లగొట్టి, ఉన్నదంతా పెద్దవాళ్లిద్దరికీ రాసిచ్చేస్తాడు. మా నాన్న పక్కన కూర్చుని ఇంతవరకూ చూశారు.

“మొత్తం రాసిచ్చేశాడట్రా?”

“ఇచ్చేశాడు నాన్నా.”

“తన పేరుమీద ఏమీ ఉంచుకోలేదూ?”

“నూరుమంది మనుషుల్ని ఉంచుకున్నాడు. నెలకొకరింట్లో ఉంటాడట.”

“ఇంకేముంది సినిమాలో” అని లేచి వెళ్లి పడుకున్నారు.

నాన్న చెప్పింది నిజమే. నాటకమంతా ఆ మొదటి సీన్లోనే అయిపోతుంది. మిగతాదంతా దానికి ఫలితం. అందుకే ఏ లియర్ సినిమా ఎలాంటిదో తెలియాలంటే నేను మొదటి ఐదు నిమిషాలే వింటాను.

బ్రూక్ సినిమాలో ఆ నిశ్శబ్దం తర్వాత మొదట వినపడేది స్కోఫీల్డ్ గొంతు. రాజ్యాన్ని మూడు ముక్కలు చేశామని తెలుసుకోండి అని మొదలవుతుంది ఆ వాక్యం. ఇంగ్లీషులో ‘తెలుసుకోండి’ అన్న మాటే ముందొస్తుంది, ‘నో’ అని. స్కోఫీల్డ్ ఆ ఒక్క మాట అని ఆగుతాడు. ‘కాదు’ అన్నా ఇంగ్లీషులో అదే శబ్దం. కళ్లు మూసుకుని విన్నవాడికి రాజు నోట మొదటి మాట ‘కాదు’ అనే వినిపిస్తుంది. కాస్త ఆగాక మిగతా వాక్యం వస్తేగానీ అర్థం మారదు. ఒక్క గ్యాప్‌తో సినిమా మొత్తం చెప్పేశాడు. డబ్బింగ్‌లో మేం ఒక మాటకూ మాటకూ మధ్య నాలుగు ఫ్రేములు ఎక్కువైతే కత్తిరించి పారేస్తాం. ఆ తర్వాత చాలా రోజులు కత్తిరించే ముందు చెయ్యి ఆగింది.

ఆ గొంతు గురించి ఒక మాట చెప్పాలి. రాజుల పాత్రలు వేసేవాళ్లు గొంతు పెంచుతారు. స్కోఫీల్డ్ పెంచడు. కంకర రోడ్డు మీద బరువైన బండి మెల్లగా వెళ్తున్నట్టు, ఎత్తుపల్లాలు లేకుండా మాట్లాడతాడు. కోపం వచ్చినప్పుడు ఇంకా తగ్గిస్తాడు. తన మాట వినపడదేమోనన్న అనుమానం జీవితంలో ఒక్కసారి కూడా రానివాడి మాటతీరు అది. ముందు కూర్చున్నవాళ్లే చెవులు రిక్కించి వినాలి.

కోజింత్సెవ్ మొదలుపెట్టే పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు. టైటిల్స్ మీద ఒంటరిగా ఒక పిల్లనగ్రోవి పాట. తర్వాత అడుగుల చప్పుడు. ఒక్కరివి కాదు, వందలమందివి. రాళ్ల దారిలో చింపిరి బట్టలతో, కుంటుతూ, బండ్లు లాక్కుంటూ జనం కోట వైపు నడుస్తున్నారు. రాజుగారు లోపల ఏదో ప్రకటిస్తారట, ఆ సంగతి వీళ్ల బతుకులకు సంబంధించినదే. లోపలికి మాత్రం ఎవర్నీ రానివ్వరు, బయటే నిలబడతారు. ఇక లోపల కొలువుతీరి అందరూ బిగుసుకుని నిలబడి ఉండగా, తలుపు అవతల నుంచి ముందు నవ్వు వినిపిస్తుంది, గంటలు మోగుతాయి. రాజు తన విదూషకుడితో ఆడుకుంటూ వస్తాడు. వచ్చి, తిన్నగా నెగడు దగ్గరికెళ్లి చేతులు కాచుకుంటాడు. ఇంతా చేసి మనిషి ఇంతే. పొట్టివాడు, బక్కవాడు, తెల్లజుట్టు పిచ్చుకగూడులా ఉంటుంది. ఈయనకా వీళ్లంతా వణుకుతున్నారు అనిపిస్తుంది. కాసేపట్లో ఆ వణుకు ఎందుకో తెలుస్తుంది.

ఇక్కడ నా వృత్తికి సంబంధించిన సంగతి ఒకటుంది. రెండోసారి కళ్లు తెరిచి చూసేటప్పుడు యార్వెట్ పెదాల మీద నా చూపు ఇరుక్కుపోయింది. మాటకూ పెదానికీ మధ్య ఎక్కడో వెంట్రుకవాసి తేడా. నాకు రష్యన్ రాదు. అయినా భాష రాకపోతేనే లిప్ సింక్ ఇంకా బాగా తెలుస్తుంది, అర్థం అడ్డం రాదు కాబట్టి. ఆరా తీస్తే విషయం బయటపడింది. ఎస్టోనియావాడైన యార్వెట్‌కు గొంతు ఇచ్చింది జినోవి గెర్డ్ట్ అనే ఇంకో నటుడు. యార్వెట్‌ను మొదట పిలిచింది కూడా లియర్ కోసం కాదట, ఏదో చిన్న పాత్ర కోసం.

అంటే ప్రపంచమంతా గొప్పదని మెచ్చుకునే ఒక లియర్, ముఖం ఒకరిది, గొంతు ఇంకొకరిది. డబ్బింగ్ అంటే చిన్నచూపు చూసేవాళ్లందరికీ ఈ సినిమా చూపించాలని ఉంది. ముఖంలో పిల్లాడి అల్లరి, గొంతులో ముసలితనం. రెండూ వేర్వేరు మనుషులవి కావడం వల్లే ఈ లియర్ ఒక క్షణం చంటిపిల్లాడిలా, మరుక్షణం కాటికి కాళ్లు చాపినవాడిలా ఉంటాడేమోనని నా అనుమానం. గెర్డ్ట్ ఎక్కడా ‘నటించడు’. ఆ ముఖం వెనక నిలబడి ఊపిరి తీస్తాడు. ఊపిరి దగ్గరే డబ్బింగ్ చెప్పేవాళ్లు దొరికిపోతారు. మాట సరిపోతుంది గానీ మాటకు ముందు తీసుకునే ఊపిరి ముఖంలోని ఊపిరితో కలవదు. ఇక్కడ కలిసింది. కార్డీలియాను వెళ్లగొట్టే చోట నాలుగుసార్లు వెనక్కి తిప్పి విన్నాను, ఎక్కడా తప్పు దొరకలేదు.

ఆ కోపం తర్వాత కోజింత్సెవ్ లియర్ ఊరుకోడు. దడదడా బయటికొచ్చి తన పరివారం వరస వెంట నడుస్తూ ఈ గుర్రం, ఆ డేగ, ఈ కుక్కలు అంటూ వెంట తీసుకెళ్లాల్సినవి ఏరుకుంటాడు. కూతురు పోయిందన్న బాధ కంటే కుక్కల లెక్క ఎక్కువైపోయింది. ఆపైన కోట గోడ ఎక్కి, పక్కన మంటలు ఎగుస్తుండగా, కింద ఉన్న జనానికి వినపడేలా శాపం పెడతాడు. జనం మోకాళ్ల మీద పడతారు. ఆయన గొంతు అంత ఎత్తు నుంచి వచ్చి కింద రాళ్ల మీద పడుతుంటే, అధికారం అంటే ఎవరు ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నారన్నదేనా అనిపించింది. బ్రూక్ లియర్ గుసగుసలాడినా చాలు, కోజింత్సెవ్ లియర్‌కు గోడ కావాలి.

పెద్ద కూతురు గానరిల్ ఇంటి సీను దగ్గరకొచ్చేసరికి బ్రూక్ నన్ను ఇరుకులో పెట్టాడు. మామూలుగా ఈ నాటకంలో ఆమె రాక్షసి, తండ్రి పాపం మంచివాడు. ఐరీన్ వర్త్ వేసిన గానరిల్ అలా కాదు. ఇల్లు నడుపుకునే మనిషి. ఆమె ఇంట్లో నూరుమంది బూట్లేసుకుని తిరుగుతున్నారు, తింటున్నారు, అరుస్తున్నారు. లియర్‌కు కోపమొస్తే బల్ల తిరగేస్తాడు, ఆయనను చూసి మిగతావాళ్లూ గది గదంతా చిందరవందర చేస్తారు. కళ్లు మూసుకుని వింటే పగిలేవి, దొర్లేవి, విరిగేవి ఒకదాని మీద ఒకటి. ఆ గోల మధ్యలో గానరిల్ గొంతు మాత్రం సమంగా, అలసటగా ఉంటుంది. మీ మనుషుల్ని కాస్త తగ్గించుకోండి అని ఆమె అడగడంలో తప్పేముంది? నేనైతే మొదటి రోజే అడిగేవాణ్ణి. అదే నోటితో లియర్ ఆమె కడుపు పండకూడదని శపిస్తాడు, మళ్లీ ఆ చదునైన గొంతుతోనే. బల్ల తిరగేసినప్పుడు అదరని గుండె అక్కడ అదిరింది.

ఆ తర్వాతి బేరం తెలుసు కదా. నూరు యాభై అవుతుంది, యాభై పాతికవుతుంది, పది, ఐదు, చివరికి ఒక్కడు మాత్రం ఎందుకు అంటుంది రెండో కూతురు రీగన్. ప్రేమను కొలవమని అడిగినవాడికి కూతుళ్లు కొలిచి చూపించారు. కోజింత్సెవ్ దీన్ని బాగానే తీశాడు గానీ ఆయన కూతుళ్లు మొదటి నుంచీ చెడ్డవాళ్లే. గొంతులోనే తెలిసిపోతుంది. నాటకం ఇచ్చిన అనుమానాన్ని ఆయన వాడుకోలేదు. ఇక్కడ మార్కులన్నీ బ్రూక్‌కే.

తుఫాను సీను మాత్రం బ్రూక్ చెడగొట్టుకున్నాడని నా అభిప్రాయం. లియర్ ముఖం తెర నిండా వస్తుంది, మసకబారుతుంది, చీకటి, మళ్లీ ముఖం, ఇంకో వైపు నుంచి ఇంకో ముక్క. మనసు ముక్కలవుతోందని చూపించాలని. అర్థమైంది. కానీ అరగంట క్రితం ఒక్క గ్యాప్‌తో చెప్పగలిగిన మనిషికి ఇన్ని కట్లు ఎందుకు? మిక్సింగ్‌లో మేం దీన్ని ‘భయపడి ఫేడర్లు (శబ్దం పెంచే, తగ్గించే మీటలు) కదపడం’ అంటాం. చేతిలో ఉన్న గొంతు మీద నమ్మకం చాలనప్పుడు చేసే పని. స్కోఫీల్డ్‌ను ఒకచోట నిలబెట్టి, వాన పోసి, వదిలేస్తే సరిపోయేది.

కోజింత్సెవ్ తుఫానులో కెమెరా చాలా పైకి వెళ్లిపోతుంది. లియర్, విదూషకుడు విశాలమైన బీడు మీద రెండు చుక్కలు. తర్వాత తలదాచుకోవడానికి ఒక గుడిసెలోకి దూరితే, అక్కడ అప్పటికే జనం ఉన్నారు. మొదటి సీన్లో రాళ్ల దారిలో నడిచొచ్చిన బిచ్చగాళ్ల లాంటివాళ్లే, ఒకళ్ల మీద ఒకళ్లు పడి పడుకున్నారు. గుడ్డపీలికల్లో, ఆకలితో ఉన్న మీ గురించి నేను ఎప్పుడూ పట్టించుకోలేదే అని లియర్ అనే మాటలు షేక్‌స్పియర్ రాసినప్పుడు గాల్లోకి అన్నవే, ఎదురుగా వినేవాళ్లు లేరు. కోజింత్సెవ్ వాళ్లను తెచ్చి ఎదురుగా కూర్చోబెట్టాడు. రాజు మాట్లాడుతున్నప్పుడు వెనక ఎవరిదో దగ్గు, ఎవరో కదిలిన గడ్డి చప్పుడు. గోడ ఎక్కి అరిచిన గొంతు ఇక్కడ పక్కవాడికి వినిపిస్తే చాలన్నంతకు దిగింది. ఈ సినిమాలో నాకు బాగా నచ్చిన మిక్సింగ్ ఇదే.

మధ్యలో ఒక గొడవ. నేను మొదట చూసిన బ్రూక్ సినిమా కాపీ దరిద్రంగా ఉంది. ఎవరు అమ్మిందో చెప్పను. సౌండ్ శుభ్రం చేస్తామని పూనుకుని నాయిస్ రిడక్షన్ వేసి వేసి, మాటలు లేనిచోట శబ్దాన్ని సున్నా చేసేశారు. సున్నా అంటే నిజంగానే సున్నా, మీటర్ మీద గీత కూడా లేదు. ఏ చోటుకైనా తనదైన ఒక హోరు ఉంటుంది, మేం రూమ్ టోన్ అంటాం. ఖాళీ గదిలో కూడా అది ఉంటుంది. అది తీసేస్తే నిశ్శబ్దం పోయి, కరెంటు పోయినట్టు ఉంటుంది. నేను పిన్ను తడుముకున్నది అందుకే. తర్వాత వేరే కాపీ దొరికింది. అందులో ఆ మొదటి ముఖాల వెనక సన్నటి సొద ఉంది, జనం నిండిన గది ఊపిరి బిగబట్టినట్టు. బ్రూక్ సినిమాకు నేపథ్య సంగీతం లేదు. ఆ సొదే దానికి రీరికార్డింగ్. దాన్ని తుడిచేసినవాళ్లు పాటల సినిమాలో పాటలు తీసేసినట్టే.

ఇక గ్లాస్టర్ సంగతి. కొడుకు ఎడ్మండ్ మోసానికి బలై, లియర్‌కు సాయం చేసిన నేరానికి కళ్లు పోగొట్టుకున్న ముసలి ప్రభువు. సౌండ్ మనుషులకు ఈ నాటకంలో సొంత మనిషి ఆయనే. చనిపోదామని డోవర్ కొండ అంచుకు తీసుకెళ్లమంటాడు. మారువేషంలో ఉన్న ఇంకో కొడుకు ఎడ్గార్, ఆయనను చదునైన నేల మీదే నడిపిస్తూ కొండెక్కుతున్నామని నమ్మిస్తాడు. సముద్రం వినిపిస్తోందా అని అడుగుతాడు. లేదంటాడు గ్లాస్టర్. నిజంగానే లేదు. మరి కాసేపటికి ఎడ్గార్, ఇంత ఎత్తుకు అలల చప్పుడు రాదులే అని సర్దిచెప్తాడు. నాలుగు వందల ఏళ్ల క్రితం సౌండ్ ఎఫెక్ట్ లేకపోవడాన్నే ఎఫెక్ట్‌గా వాడుకున్న సీను ఇది!

బ్రూక్ దీన్ని దొంగదెబ్బలా తీశాడు. ఇద్దరి ముఖాలూ దగ్గర నుంచే చూపిస్తాడు. కింద నేల కనబడదు, వెనక ఆకాశమే. నాటకం చదివినవాణ్ణే, నాకే ఒక్క క్షణం అంచు ఉందేమో అనిపించింది. గ్లాస్టర్ దూకుతాడు. కెమెరా దూరం వెళ్తుంది. బల్లపరుపు నేల మీద ఒక ముసలాయన బోర్లా పడి ఉన్నాడు. ఆయన గుడ్డివాడు కాబట్టి మోసపోయాడు, మనం కళ్లుండి మోసపోయాం. తర్వాత పిచ్చి ముదిరిన లియర్ వచ్చి ఆయన పక్కన కూర్చుంటాడు. ఖాళీ సముద్రపు ఒడ్డు, ఇద్దరు ముసలివాళ్లు, ఒకరికి కళ్లు లేవు, ఒకరికి మతి లేదు. లోకం ఎలా నడుస్తుందో చూడ్డానికి కళ్లెందుకు, చెవులతో చూడు అంటాడు లియర్. ఈ మాట దగ్గర నేను సినిమా ఆపి టీ పెట్టుకున్నాను. పాతికేళ్లుగా ఇంట్లోవాళ్లు నవ్వుతున్న అలవాటుకు ఇంత పెద్ద సిఫారసు దొరుకుతుందనుకోలేదు. స్కోఫీల్డ్, గ్లాస్టర్‌గా వేసిన అలన్ వెబ్ ఆ సీన్లో తొందరపడరు. నవ్వొస్తే నవ్వుతారు. రెండు సినిమాల్లో కలిపి ఇంతకు మించిన సీను లేదు.

కోజింత్సెవ్ ఆ కొండ మీంచి దూకే సీను తీయనే లేదు, వదిలేశాడు. ఆయనది జనం నడిచే నిజమైన దారి, నిజమైన రాయి. ఇవాన్‌గొరోద్ కోటలో తీసిన ఆ రాళ్ల మధ్య, లేని కొండను ఉందనిపించే ఆట ఇమడదు. కారణం అర్థమవుతుంది, అయినా బాధేసింది.

లియర్ నిద్రలేచి కార్డీలియాను గుర్తుపట్టే సీను దగ్గర ఈ రెండు సినిమాల తేడా తేటతెల్లంగా వినిపిస్తుంది. దీని వెనక తమాషా ఒకటుంది. షేక్‌స్పియర్ లియర్ మనకు రెండు పాఠాల్లో వచ్చింది. 1608లో క్వార్టో అనే చిన్న పుస్తకంగా అచ్చయింది ఒకటి, 1623 నాటి ఫోలియో అనే పెద్ద సంపుటంలోది ఇంకొకటి. 1608 పాఠంలో లియర్‌ను నిద్రలేపేటప్పుడు వైద్యుడు, సంగీతం ఇంకా గట్టిగా వాయించండి అంటాడు. 1623 దాంట్లో ఆ మాట లేదు, సంగీతమూ లేదు. మిక్సింగ్ నోట్సులో మాకు రోజూ కనిపించే గొడవే. ‘ఇక్కడ రీరికార్డింగ్ పెంచండి’ అని ఒకరు, ‘తీసేయండి’ అని ఇంకొకరు. అనుకుని చేశారో లేదో గానీ, కోజింత్సెవ్‌ది 1608 చెవి, బ్రూక్‌ది 1623 చెవి.

షోస్టకోవిచ్ సంగీతం గురించి చెప్పాలంటే, ఈయనకూ కోజింత్సెవ్‌కూ స్నేహం 1929 నాటి మూకీ రోజుల నుంచి. 1941లో కోజింత్సెవ్ లెనిన్‌గ్రాడ్‌లో ఇదే నాటకాన్ని స్టేజి మీద ఆడించినప్పుడూ సంగీతం ఆయనదే. అప్పుడు విదూషకుడి పాటకు ‘జింగిల్ బెల్స్’ బాణీ వాడాడు. ముప్పై ఏళ్ల తర్వాత సినిమాకు వచ్చేసరికి ఆ వెటకారమంతా ఇంకిపోయి, ఒక్క పిల్లనగ్రోవి మిగిలింది. షోస్టకోవిచ్ సినిమాకు చేసిన ఆఖరి సంగీతం ఇదే. చాలాచోట్ల ఆయన తగ్గి ఉంటాడు, రెండు మూడు స్వరాలు వేసి తప్పుకుంటాడు. యుద్ధం దగ్గర మాత్రం కోరస్ ఎత్తుకున్నాక నాకు కాస్త ఎక్కువైంది. ఊరు తగలబడుతున్న చప్పుడే చాలు, దాని మీద గొంతులు అక్కర్లేదు. కార్డీలియా కూడా ఇందులో మరీ దేవతలా ఉంటుంది, మనిషిలా ఒక్కసారైనా విసుక్కోదు.

ముగింపు. ఈ కథకు విషాదాంతాన్ని తట్టుకోలేక 1681లో నేహమ్ టేట్ అనే ఆయన సుఖాంతం రాశాడు. లియర్ బతుకుతాడు, కార్డీలియాకు పెళ్లవుతుంది. దాదాపు నూటయాభై ఏళ్లు ఇంగ్లండు స్టేజి మీద అదే నడిచింది. ఇలాగే రాజు, ముగ్గురు కూతుళ్ల కథ అయిన మన ‘గుణసుందరి కథ’ను 1949లో కె.వి.రెడ్డి గారు శుభం కార్డుతో ముగించినందుకు నవ్వేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి, ఇంగ్లీషువాళ్లే తట్టుకోలేకపోయారు.

బ్రూక్ తట్టుకోమంటాడు. చావులన్నీ టపటపా పడిపోతాయి. గానరిల్ చెల్లెల్ని చంపి, తన తల బండకేసి కొట్టుకుంటుంది. కార్డీలియా ఉరి రెప్పపాటులో వచ్చి పోతుంది, చూశామా లేదా అని సందేహం వచ్చేంత వేగంగా. ఏడవడానికి టైమ్ ఇవ్వడు. ఆఖరున లియర్ తల మెల్లగా వెనక్కి వాలుతూ ఫ్రేములోంచి జారిపోతుంది. తెల్లటి ఖాళీ మిగులుతుంది. పాట లేదు, గాలి కూడా లేదు. మొదట్లో ఉన్న జనం ఊపిరి సొద కోసం చెవి వెతుక్కుంటుంది. అది కూడా తీసేశాడు.

కోజింత్సెవ్ దగ్గర లియర్ కనబడడానికి ముందే ఏడుపు వినబడుతుంది. ఏడుపు కూడా కాదు, ఊళ. కింద ఉన్న సైనికులు తలలెత్తి చూస్తారు. కోట గోడ మీద, మొదట్లో శాపం పెట్టినప్పటి లాంటి ఎత్తు నుంచే, ఆ ముసలాయన అరుస్తున్నాడు. కమాను కింద కార్డీలియా ఉరికి వేలాడుతోంది. మొదటిసారి ఆ గొంతు వింటే జనం మోకాళ్ల మీద పడ్డారు. ఇప్పుడు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు.

ఆ తర్వాతే విదూషకుడు. షేక్‌స్పియర్ నాటకంలో ఈ పాత్ర మధ్యలోనే మాయమైపోతుంది, ఏమయ్యాడో ఎవరూ చెప్పరు. బ్రూక్ సినిమాలో జాక్ మాక్‌గౌరన్ వేసిన విదూషకుడు చాలా తెలివైనవాడు, రాజు కంటే ముందే అన్నీ అర్థమైనవాడు. కోజింత్సెవ్ విదూషకుడు ఒలెగ్ దాల్. గుండు, పల్చటి ఒళ్లు, కుర్రాడు. ఆష్విట్జ్ నిర్బంధ శిబిరంలో వాయించమని బలవంతం చేసిన పిల్లవాడు తన మనసులో ఉన్నాడని కోజింత్సెవ్ తన పుస్తకంలో రాసుకున్నాడు. ఈ కుర్రాణ్ణి ఆయన చంపలేదు. చివర్లో కాలిన ఊరి శిథిలాల మధ్య కూర్చుని పిల్లనగ్రోవి వాయిస్తుంటాడు. లియర్‌నీ కార్డీలియానూ మోసుకెళ్తున్న సైనికుల్లో ఒకడు, దారికి అడ్డమని కాలితో తన్నిపోతాడు. పాట తెగుతుంది. ఏడుస్తాడు. మళ్లీ అందుకుంటాడు.

ఇక్కడ కూడా నా చెవి ఊరుకోలేదు. కుర్రాడి చేతిలో ఉన్నది పిల్లనగ్రోవి. వినిపిస్తున్నది అది కాదు, ఇ-ఫ్లాట్ క్లారినెట్ అనే ఇంకో ఊదే వాద్యం. రాజు గొంతు డబ్బింగే, పిల్లనగ్రోవీ డబ్బింగే! తప్పు పట్టుకున్నానని గర్వపడాల్సినవాణ్ణి, ముక్కు చీదుకుంటూ కూర్చున్నాను.

ఏది చూడాలంటే, కథ తెలియనివాళ్లు బ్రూక్‌తో మొదలుపెట్టకండి. చాలా కోసేశాడు, ఎవరు ఎవరి కొడుకో తేలేలోపు కళ్లు పీకేస్తారు. కోజింత్సెవ్‌ది ముందు చూసి, ఒక వారం ఆగి, బ్రూక్‌ది రాత్రిపూట, ఫ్యాన్ ఆపి చూడండి. వాల్యూమ్ మొదట ఎక్కడ పెట్టారో అక్కడే ఉంచండి, వినపడట్లేదని పెంచితే బల్ల తిరగబడినప్పుడు చెవులు పోతాయి. బుర్రకు పని చెప్పింది బ్రూక్. మళ్లీ పెట్టుకున్నది మాత్రం కోజింత్సెవ్‌నే, ఇప్పటికి మూడుసార్లు.

మూడోసారి స్పీకర్ల మీద పెట్టాను. సినిమా అయిపోయే వేళకు పక్కగదిలోంచి నాన్న కేకేశారు.

“ఎవర్రా ఈ టైములో వాయిస్తోంది?”

“రాజుగారి దగ్గర ఉండేవాడు నాన్నా.”

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “కాస్త పెంచు” అన్నారు.